గోనెసంచి పరుగు, రెండో బహుమతి

1924 జూలైలో చింతపల్లికి చేరిన లోకవార్తలన్నీ సగం దూరం సోంబరు వీపు మీదా, మిగతా సగం అతని బావ గాసి వీపు మీదా కొండెక్కాయి. ఇద్దరికీ చదువు రాదు. సంచీ మూతికి లక్క ముద్ర ఉండేది. లోపల ఏముందో మోసేవాళ్ళకి తెలియనక్కర్లేదని తపాలా శాఖవారి ఉద్దేశం. ఆ విషయంలో సోంబరుకీ శాఖకీ భేదాభిప్రాయం లేదు. సంచీ బరువెంతో తెలిస్తే అతనికి చాలు.

అతనికప్పుడు ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. సోమవారం పుట్టాడు గనుక సోంబరు. తండ్రి భీముడు ఇరవయ్యేళ్ళు ఇదే టపా మోసి, ఒక వానాకాలం మన్యం జ్వరంతో పోయాడు. సంచీ, గజ్జెలు కట్టిన బల్లెం, నడుం పట్టీకి ఉండే ఇత్తడి బిళ్ళ కొడుక్కి వచ్చాయి. ఘాటు కింది చావడి దగ్గర పొద్దుటే ఆరుగంటలకి సంచీ ఎత్తుకుంటే, తొమ్మిది మైళ్ళు ఎక్కి తొమ్మిదిన్నరకి పై చావడికి చేరాలి. అక్కడ గాసి కాచుకుని ఉంటాడు. చింతపల్లి నుంచి ముందురోజు సాయంత్రం తను తెచ్చి ఉంచిన దిగుడు సంచీని సోంబరుకిచ్చి, ఎక్కుడు సంచీ తను తీసుకుని, మరో పది మైళ్ళు పోయి మధ్యాహ్నం ఒంటిగంటకి తపాలాఫీసులో అప్పగిస్తాడు. కాగితాల్లో దాన్ని పరుగు అనే రాసేవారు. నిజానికి అది పరుగూ కాదు, నడకా కాదు. గజ్జెల చప్పుడు తెగకుండా ఉండేంత వేగం, అంతే.

మొత్తం ఏడుగంటల ప్రయాణంలో గంటన్నర మిగులుండేది. ఆ మిగులు భీముడు సంపాదించి పెట్టిన ఆస్తి. సగం ఘాటులో ఊట దగ్గర చుట్ట కాల్చుకోవడానికి కాసేపు, మంచు విడకపోతే విడేదాకా కాసేపు, పై చావడిలో బావా బావమరదులు కూర్చుని అంబలి తాగడానికి కాసేపు. దాన్ని కాపాడుకునే పద్ధతి ఒక్కటే. ఎన్నడూ ముందుగా చేరకూడదు.

"ఒక్కనాడు బేగి ఎల్లినావంటే రేపట్నించి అదే నీ టయిము," అని భీముడు కొడుక్కి చెప్పాడు. తరవాత అల్లుడికీ చెప్పాడు. ఇద్దరూ ఆ మాట జవదాటలేదు. వానైనా ఎండైనా ఒకే వేళకి చేరేవారు. ఇంత నమ్మకమైన రన్నర్లు చుట్టుపక్కల మజిలీల్లో లేరని తనిఖీ పుస్తకంలో రెండుసార్లు రాశారు.

గాసికి లేనిదల్లా బిళ్ళ. అంతకుముందు పై మజిలీ మోసినవాడు ఫితూరీ రోజుల్లో భయపడి పారిపోతే, అతని బదులు గాసిని తాత్కాలికంగా పెట్టారు. రెండేళ్ళయింది. ఫితూరీ అణిగింది, దాన్ని అణచడానికి వచ్చిన పోలీసు పటాలం సామాన్లు సర్దుకుంటోంది, గాసి ఇంకా తాత్కాలికమే. బిళ్ళ కోసం పెట్టుకున్న అర్జీ పై ఆఫీసులో పరిశీలనలో ఉందని మూడు నెలలకోసారి జవాబు వచ్చేది.

బిళ్ళ సోకు కోసం కాదు. ఘాటు రోడ్డు పనికి ఆ కొండ ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారు ఇంటికొక మనిషిని నెలకి పదిరోజులు తోలించేవాడు. కూలి ఇస్తున్నట్టు కాగితాల్లో ఉండేది. నడుముకి సర్కారు బిళ్ళ ఉన్నవాడి ఇంటి జోలికి మాత్రం వెళ్ళేవాడు కాదు. గాసి టపాకి పోతే అతని వంతుకి పెళ్ళాం కనక చంటిపిల్లని వీపుకి కట్టుకుని రాళ్ళు కొట్టడానికి వెళ్ళేది. కనక సోంబరుకి అప్ప, అతనికి మిగిలిన ఒకే ఒక్క తోబుట్టువు. ఆమె రోడ్డు మీద ఉంటే, పై చావడి వెనక వాలులో ఉన్న చోడిచేనుకి, అంటే రాగుల చేనుకి, కలుపు తీసే దిక్కులేదు. ముందటేడు సగం చేను గడ్డి తినేసింది. చోళ్ళు మాఘం దాటకుండా అయిపోయి, ఆ తరవాత ఆ ఇంట్లో మామిడి టెంకల పిండి కాచుకు తాగారు. ఈ ఏడు అలా జరక్కుండా ఉండాలంటే గాసి నడుముకి అరచేతిలో సగం ఉండే ఇత్తడి ముక్క ఒకటి కావాలి.

చింతపల్లి పోస్టుమాస్టరు సన్యాసిరావుది అనకాపల్లి. చదువుకునే రోజుల్లో ఫుట్‌బాలు ఆడుతూ కాలు విరగ్గొట్టుకున్నాడు. కాలు కుంటిదయింది గాని ఆటల మీద భక్తి చెడలేదు. రోడ్డు ఇంజనీరు దొర పేరున మద్రాసు నుంచి ఇంగ్లీషు పేపరు వచ్చేది. దాని చుట్టూ ఉన్న కాగితపు పట్టీని చిరక్కుండా జార్చి, ఆటల సంగతులు చదివేసి, పట్టీని మళ్ళీ ఎక్కించి, అప్పుడు దొర బంగళాకి పంపేవాడు సన్యాసిరావు. మిగతా విషయాల్లో నిజాయితీపరుడు.

ఆ జూలై అతని జీవితంలో చాలా పెద్ద నెల. వార్త వచ్చేసరికి నాలుగైదు రోజుల పాతదే అయినా, విప్పినప్పుడు వేడిగానే ఉండేది. లండనులో టెన్నిసు చివరాట ఇద్దరు ఫ్రెంచివాళ్ళు ఆడుకుంటే ఇంగ్లీషువాళ్ళు కూర్చుని చూశారు. పారిస్‌లో నలభైకి పైగా దేశాలవాళ్ళు చేరి పందేలు వేసుకున్నారు. ఫిన్లాండు మనిషొకడు ఒకే రోజున రెండు పరుగులు గెలిచాడు, అదీ చేతిలో గడియారం పట్టుకుని మరీ. మండుటెండలో బయళ్ళమ్మట పెట్టిన పరుగులో ముప్పై ఎనిమిది మంది బయల్దేరితే పదిహేనుమందే చేరారు. ఇటలీవాడు సైకిలు మీద ఫ్రాన్సు దేశం చుట్టివచ్చాడు. మన దేశం నుంచి వెళ్ళిన కొద్దిమందికీ ఏమీ రాలేదు. ఆ వార్త చిన్న అక్షరాల్లో ఉంది.

ఇదంతా చెప్పుకోవడానికి చింతపల్లిలో అతనికి మనిషి దొరకలేదు. పోలీసులకి పేకాట ఉంది. దిగుడు సంచీ కట్టేదాకా అరుగు మీద కదలకుండా కూర్చునేవాడు గాసి ఒక్కడే. అందుచేత గాసికి చెప్పేవాడు. మర్నాడు పొద్దున్న పై చావడిలో గాసి సోంబరుకి చెప్పేవాడు. సోంబరు ముద్రతో మోసుకెళ్ళిన వార్త ఒకరోజు తరవాత ముద్ర విడి అతని దగ్గరికి తిరిగొచ్చేది.

"ఇరవయ్యారు మైళ్ళు పరిగెట్టినారట," అన్నాడు గాసి ఒకరోజు అంబలి తాగుతూ. "ఉట్టి సేతుల్తో."

"టపా నేదా?"

"నేదట."

"ఎనకాల ఎలుగ్గొడ్డేటైనా తరిమిందేటి?"

"అదీ అడిగినాను. ఏటీ తరమనేదట. బయల్దేరిన కాడికే తిరిగొచ్చీసినారట కూడాను."

 ఎండకి పడిపోయిన వాళ్ళకి జుల్మానా వేశారా అని సోంబరు అడిగాడు. వెయ్యలేదని తెలిసి ఆశ్చర్యపోయాడు. సైకిలు మనిషి మూడువేల మైళ్ళు తిరిగి ఎవరికి ఏం అందజేశాడో గాసి కూడా చెప్పలేకపోయాడు. ఆ నెల వార్తల్లో సోంబరుకి సబబుగా తోచింది ఒక్కటే. స్కాట్లండు మనిషొకడు ఆదివారం తన దేవుడి రోజని, ఆ రోజు పరుగెత్తనని మొండికేశాడట. దేవర రోజున కొండ మీద ఎవరూ గునపం పట్టరు. అందులో వింతేముంది?

మిగతాదంతా అర్థమైంది పతకాల గురించి విన్నాక. అందరికన్నా ముందు వచ్చినవాడికి ఏమిస్తారని గాసి అడిగితే, సన్యాసిరావు బల్ల మీద సుద్దముక్కతో అరచేతిలో సగమంత సున్నా గీశాడు. గుండ్రటి లోహపు ముక్క. ఒకవైపు బొమ్మ, రెండోవైపు అక్షరాలు. అందరిముందూ పెద్ద అధికారులు ఇస్తారు. మొదటివాడికి బంగారు పూతది, తరవాతివాడికి వెండిది, మూడోవాడికి కంచుది.

మర్నాడు పై చావడిలో బావా బావమరదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్షరాలున్న గుండ్రటి ముక్క సర్కారువాళ్ళు మనిషికి ఎందుకిస్తారో తెలియనివాళ్ళు ఆ కొండల్లో ఎవరూ లేరు.

"అదీ సంగతి," అన్నాడు సోంబరు. "ఊరికినే ఎవుడు పరిగెడతాడు? ఆళ్ళ దేశంలో రోడ్డు పని ఇంకెంతుందో."

కంచుది ఒంటి మనిషికీ, వెండిది ఇంటికీ, బంగారు పూతది ఊరంతటికీ వర్తిస్తుందని ఇద్దరూ తేల్చుకున్నారు. ఎండకి పడిపోయిన ఇరవైమూడు మందిని తలుచుకుని గాసి నిట్టూర్చాడు. వాళ్ళ చేలు ఏమయ్యాయో.

ఇక్కడ చింతపల్లిలో సన్యాసిరావుకి ఒక ఆలోచన వచ్చింది. ఫిన్లాండువాడి గడియారం సంగతి చదివినప్పట్నుంచి అతను అన్నిటినీ లెక్కకట్టడం మొదలుపెట్టాడు. భుజాన సంచీతో, వానలో, జారుడు రాళ్ళ మీద తొమ్మిది మైళ్ళు ఎక్కే మనిషి తన చేతికింద ఉన్నాడు. అతనిచేత ఒకసారి నిజంగా పరుగెత్తిస్తే? ఈ ఊహ రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరమై తపాలా ఇనస్పెక్టరుకి వెళ్ళింది. ఇద్దరి మజిలీలూ కలిపి ఒక్కడే మోస్తే ఎంతసేపు పడుతుందో పరీక్ష పెట్టాలనీ, గెలిస్తే ఒక పతకమిచ్చి ప్రోత్సహించాలనీ అందులో కోరాడు. రన్నర్లని అడగడం ఒక్కటే మర్చిపోయాడు.

పటాలం వెళ్ళిపోతే చింతపల్లికి ఉత్తరాలు తగ్గుతాయి గనుక ఖర్చు తగ్గించే దారి చూడమని ఇనస్పెక్టరుకి అప్పటికే పై నుంచి తాకీదు అంది ఉంది. దారేమిటో ఆయనకి తోచడం లేదు. సన్యాసిరావు ఉత్తరం మంచి సమయానికి చేరింది. ఆగస్టు మొదటివారంలో తనే వస్తున్నానని, చిన్నప్పుడు తను కూడా క్రీడాకారుణ్ణేనని ఆయన జవాబు రాశాడు.

ఆదివారం టపా లేదు. ఉప్పు కోసం చింతపల్లి వచ్చిన సోంబరుని సన్యాసిరావు పిలిచి సంగతంతా చెప్పాడు. సోంబరు ఒక్కటే అడిగాడు.

"బాబూ, ఆ బిళ్ళ నాకొత్తే మా బావకియ్యొచ్చునా?"

 బావ మీద ప్రేమ అలాంటిది అనుకున్నాడు సన్యాసిరావు.

"నీదయ్యాక నీ ఇష్టమోయ్. ఎవరి ఒంటి మీద ఉన్నా అడిగే అధికారం ఎవరికీ లేదు."

సోంబరుకి కావలసిన మాట అదే, అందులోనూ సర్కారు ఉద్యోగి నోటివెంట వచ్చింది. ఈ విషయం గాసికి చెప్పలేదు. చెబితే భీముడి మాట ఎత్తుతాడని అతనికి తెలుసు.

పరీక్ష రోజున తెల్లవారుజాము నుంచీ తుంపర. కింది చావడి జవాను తన గడియారం చూసి, ఆరు అని చీటీ మీద రాసి, ఊఁ అన్నాడు. సోంబరు ఊట దగ్గర ఆగలేదు. మంచు విడేదాకా ఆగలేదు. మూడో మలుపులో జారి మోకాలు చీరుకుపోయింది. చూసుకోలేదు. గజ్జెలు అంత జోరుగా మోగడం ఎరగని కోతులు చెట్ల మీద నుంచి కాసేపు వెంట వచ్చాయి.

పై చావడిలో గాసి ఇంకా అంబలి దొన్నెల్లో వంచుకోలేదు. గజ్జెలు వినబడి, వేళ కాకుండా ఏమొచ్చిందోనని దారిలోకి వచ్చి అలవాటు ప్రకారం చెయ్యి చాపాడు.

"సంచీ ఇటియ్యి."

"ఇయ్యను బావా. ఇయాల మొత్తం నానే తెత్తాను."

"ఎందుకు?"

"బిళ్ళిత్తారట. నీకోసమే."

"నాకోసమయితే నాకియ్యి. ఆ పది మైళ్ళూ నాయి."

 సోంబరు పక్కనుంచి దాటుకుపోయాడు. గాసి వెంట పరిగెత్తాడు. మావ ఏటి సెప్పినాడో మర్చిపోనావా అని వెనకనుంచి అడిగాడు. ఒక్క రోజుకే బావా అని సోంబరు తల తిప్పకుండా అన్నాడు. గాసి రెండు మైళ్ళు వచ్చి ఆగిపోయాడు. భుజాన సంచీ లేకుండా ఆ దారిన ఎందుకు వెళ్ళాలో అతనికి తోచలేదు.

పది గంటల ఇరవయ్యయిదు నిమిషాలకి సోంబరు చింతపల్లి తపాలాఫీసు అరుగెక్కాడు. పంతొమ్మిది మైళ్ళు, నాలుగు గంటల ఇరవయ్యయిదు నిమిషాలు. సన్యాసిరావు కుంటికాలి సంగతి మర్చిపోయి రెండు గెంతులు వేశాడు. ఇనస్పెక్టరు గడియారం జేబులో పెట్టుకుని, శాంతంగా, ఇతను రేపు పొద్దున్న దిగుడు సంచీని కూడా ఇలాగే కిందిదాకా తీసుకుపోగలడేమో కనుక్కోమన్నాడు. బిళ్ళకి అది కూడా షరతేమో అనుకుని సోంబరు తల ఊపాడు. ఇనస్పెక్టరు అదీ రాసుకున్నాడు.

తరవాత కోటు జేబులోంచి ఒక వెండి పతకం తీశాడు. ఒకవైపు కదులుతున్న మనిషి బొమ్మ ఉంది. సన్యాసిరావు దాన్ని రెండు చేతులా అందుకుని వెనక్కి తిప్పి చదివాడు. కాలేజీ వార్షిక క్రీడలు, 1909. గోనెసంచి పరుగు. రెండో బహుమతి. తలెత్తి చూస్తే ఇనస్పెక్టరు కొండలవైపు చూస్తున్నాడు.

ఏం రాసుందని సోంబరు అడిగాడు. చాలా బాగా పరుగెత్తావని రాసుందన్నాడు సన్యాసిరావు. ఆటల విషయంలో అతను ఆడిన మొదటి అబద్ధం అది.

గాసి రెండురోజులు సోంబరుతో మాట్లాడలేదు. కనక మాత్రం పతకానికి ఉన్న కొక్కేన్ని దారంతో మొగుడి నడుం పట్టీకి కుట్టేసింది. ఆ సోమవారం ముఠాదారు మనిషి మంగ్లు రోడ్డు పనికి పిలవడానికి వచ్చాడు. గాసి నడుం పట్టీ కనబడేలా గుమ్మంలో నిలబడ్డాడు. మంగ్లు వంగి చూశాడు. బంట్రోతులకి ఉండేది ఇత్తడి. ఇది వెండి. ఇత్తడి ఉన్నవాడినే ముట్టుకోకూడదంటే వెండి ఉన్నవాడి హోదా ఏమిటో అతనికి అంతు పట్టలేదు. రెండడుగులు వెనక్కి వేసి, ఊరికే ఇలా వచ్చానని చెప్పి పక్కింటికి వెళ్ళిపోయాడు.

మూడు వారాలపాటు ఎవరూ ఆ ఇంటికి రాలేదు. కనక రోజంతా చేలోనే ఉండి కింది సగం కలుపు తీసేసింది. చోడిమొక్క పచ్చగా లేచింది. మూడోరోజు నుంచి గాసి మళ్ళీ మాట్లాడ్డం మొదలుపెట్టాడు. అంబలి దొన్నె అందిస్తూ, మావకి తెలియనివి కూడా కొన్నుంటాయి కాబోలు అన్నాడు. ఆ మాటతో సోంబరుకి మోకాలి నొప్పి తగ్గినట్టయింది.

ఆగస్టు చివర్లో వచ్చిన ఉత్తర్వుని ముద్ర వేసిన సంచీలో సోంబరు తొమ్మిది మైళ్ళు, గాసి పది మైళ్ళు మోశారు. సన్యాసిరావు చదివి, రెండోసారి చదివి, గాసికి నీళ్ళిమ్మని భార్యకి చెప్పి, అప్పుడు విషయం చెప్పాడు. సెప్టెంబరు ఒకటి నుంచి పై మజిలీ రద్దు. ఒకే మనిషి ఒకరోజు ఎక్కుడు సంచీ, మర్నాడు దిగుడు సంచీ మొత్తం దూరం మోస్తాడు. ఎక్కుడికి అయిదు గంటలు గడువు. పదకొండు దాటితే జుల్మానా. ఇది సాధ్యమని స్వయంగా నిరూపించిన చింతపల్లి పోస్టుమాస్టరు చొరవని శాఖ మెచ్చుకుంటోంది. గాసి బిళ్ళ అర్జీ సంగతి కూడా ఉంది. ఉద్యోగమే లేదు గనుక అర్జీ పరిష్కారమైనట్టు భావించడమైనది.

సన్యాసిరావు ఇనస్పెక్టరుకి మరో ఉత్తరం రాశాడు. ఈసారి నాలుగు పేజీలు. దానికి జవాబు రాలేదు. అతనికీ కష్టాలు మొదలయ్యాయి. టపా రోజు విడిచి రోజు కావడంతో పేపర్లు రెండేసి వచ్చేవి. మునుపు ఒక పేపరుకి దొరికిన అరగంటలోనే రెండు పట్టీలు జార్చి ఎక్కించాల్సి వచ్చి, ఒకటి చిరిగింది. దొర బంగళా నుంచి మనిషి వచ్చి అడిగాడు.

టపా సంచీ గాసి భుజం దిగిన సంగతి మంగ్లుకి వారంలో తెలిసింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగలేదు. గాసిని రోడ్డు మేస్త్రీ పోలయ్య దగ్గరికి తీసుకుపోయి, వీడి దగ్గర వెండి బిళ్ళుంది, ఏం చెయ్యమంటారని అడిగాడు. పోలయ్య మైదానం మనిషి, నాలుగో ఫారం దాకా చదివాడు. పతకం తిప్పి చదివి, నవ్వలేక కంకర గుట్ట మీద కూలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాక దయగా మాట్లాడాడు.

"పందెంలో నెగ్గినోడివి నీకు రాళ్ళు కొట్టడమేటోయ్. మూడు కూలి ముఠాలున్నాయి రోడ్డు మీద. ఆ కబురిక్కడికీ ఈ కబురక్కడికీ పరిగెట్టు."

తను పరిగెత్తలేదని, పరిగెత్తినవాడు బావమరిదని గాసి చెప్పాడు. మరి నీ నడుముకెందుకుందని పోలయ్య అడిగాడు.  రాళ్ళు కొట్టేవాళ్ళకి నెలకి పది రోజులు. గాసి పనికొచ్చే మనిషి గనుక ఇరవై రోజులు ఉంచుకున్నారు.

సెప్టెంబరు మధ్యలో ఒక ఎక్కుడు రోజున సోంబరు పై చావడి దాటి వస్తుంటే ఎదురుగా గాసి మేస్త్రీ చీటీ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. సోంబరు ఆగడానికి లేదు. గాసి వెనక్కి తిరిగి పక్కన పరుగు కలిపాడు. ఉత్తర్వు వచ్చాక వాళ్ళు తీరిగ్గా మాట్లాడుకున్నది అదే.

"అప్పెలగుంది?"

"బాగానే ఉంది. సేనే బాగునేదు. పై సగం కలుపు కమ్మీసింది. గుంటని ఈపుకి కట్టుకుని ఒక్కర్తీ పీకుతోంది."



"నన్ను తిట్టు బావా."

"పరిగెడతా తిడితే ఊపిరందదు. ఆదోరం తిడతాను."

రెండో ముఠా మనుషులు కనబడుతున్నారు. గాసి అక్కడ ఆగిపోవాలి.

"ఎల్లుండి బేగొత్తాను," అన్నాడు సోంబరు. "సేలో దిగుతాను. పదకొండుకి మాత్రం ఆఫీసుకాడ ఉంటాను. మద్దిలో నానెక్కడున్నానో ఎవుడికి తెలుత్తాది?"

"ఆ రోజు పరిగెట్టినట్టు పరిగెట్టాలి మరి."

"పరిగెడతాను."

గాసి ఆగి, చీటీ ఇవ్వాల్సిన మనిషి కోసం వెతుక్కున్నాడు.

పరీక్షనాటి వేగంతో వస్తే గడువుకి ముప్పై అయిదు నిమిషాలు మిగులుతాయి. ఆ లెక్క సోంబరుకి అంకెల్లో తెలియదు. వాలులో నీడ ఏ రాయి దగ్గరుంటే చేలో దిగొచ్చో, ఏ రాయి దాటితే లేవాలో రెండు పర్యాయాల్లో తెలిసిపోయింది. సంచీని గట్టు మీద బండకి ఆనించేవాడు. ముద్ర తడిస్తే జుల్మానా గనుక కనక తన తాటాకు గొడుగు దాని మీద కప్పేది. ఇద్దరూ చెరో వరస పట్టేవారు. కనక వీపు మీద పిల్ల నిద్రపోతుండేది.  తమ్ముడి ఊపిరి మామూలయ్యేసరికి ఒక వరస అయ్యేది. రెండో వరస చివరకొచ్చేసరికి ఆమె తలెత్తి నీడ చూసి, ఇంక లే అనేది. అతను తడిగడ్డికి చేతులు తుడుచుకుని సంచీ ఎత్తుకునేవాడు.

ఆ విధంగా సెప్టెంబరు మిగతా రోజులన్నిట్లోనూ, అక్టోబరు మొదటివారంలోనూ, ఒక్క ఎక్కుడు రోజు కూడా తప్పకుండా అతను ఆ పరుగు పరిగెత్తాడు. పై సగంలో ఆరు వరసలు తప్ప మిగతా కలుపంతా తీశారు.

చింతపల్లిలో సన్యాసిరావు ప్రతిసారీ గోడ గడియారం చూసి, పదకొండు అని రాసి, ఒకసారి అతన్నీ ఒకసారి అంకెనీ చూసేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అనేశాడు.

"ఆ రోజు పరుగు మళ్ళీ నీకు రాలేదోయ్ సోంబరూ. కాలు బిగిసిపోయినట్టుంది."

"అవును బాబూ," అన్నాడు సోంబరు. చీటీ మీద సంతకం అయ్యేదాకా అరుగు మీద కూర్చున్నాడు.